సొల్యూషన్ వాసన, ఫ్రీవీలు లేని చక్రం

ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ దగ్గర, అంటే మలుపుల్లో ఏటవాలుగా ఉండే సైకిలు పందేల ట్రాక్ దగ్గర, ఒక కుర్రాడు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని రిమ్ముకు జిగురు పూస్తున్నాడు. గాలి ఇటు మళ్ళింది. ఆ వాసన తగలగానే, ఎప్పుడో మూతపడిన మా ఊరి సైకిలు షాపు తలుపుచెక్కలతో సహా కళ్ళముందు నిలబడింది. చూరుకు వేలాడే పాత టైర్లు, కిరసనాయిలు డబ్బాలో నానే చైన్లు, అడ్డంగా కోసిన డబ్బాలో మురికినీళ్ళు, మేకుకు దారంతో కట్టిన అద్దె పుస్తకం. అన్నిటి మీదా ఒకటే వాసన, పంక్చరు అంటించే సొల్యూషన్ వాసన.

ఆ వాసన వెంటే మేజర్ టేలర్ గుర్తొస్తాడు. 1878 నవంబరు 26న అమెరికాలో ఇండియానాపొలిస్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ. 20 ఏళ్ళకే సైకిలు మీద ప్రపంచ విజేత. అతని బతుకు కూడా ఇలాంటి షాపులో చీపురు పట్టుకునే మొదలైంది. అతని గురించి ఎన్ని చదివినా, అవి ఒంటికి పట్టింది మాత్రం మా ఊరి మేస్త్రీ చేతుల్ని చూసి ఉండడం వల్లే. సైకిలు సంగతి పక్కనపెట్టి అతని కథ చెబితే, అతనికి జరిగిన అన్యాయం కూడా సగమే తెలుస్తుంది.

*

పంక్చరు వేయడం చూడ్డానికి చిన్న పనిలా ఉంటుంది. మేస్త్రీ టైరు అంచు కింద రెండు లీవర్లు దూర్చి, ఒకదాన్ని పుల్లకు తగిలించి, రెండోదాన్ని రిమ్ము వెంట లాగేవాడు. ట్యూబు బయటికి తీసి గాలి కొట్టి, జానెడు జానెడు చొప్పున నీళ్ళలో ముంచేవాడు. బుడగలు వచ్చిన చోట కాపీయింగ్ పెన్సిల్‌తో గుర్తు. తర్వాత ఆకురాయితో గీకడం. ట్యూబు మీది నునుపు పోయి, నలుపు కాస్త బూడిదరంగుకు తిరిగేదాకా గీకాలి. పాత ట్యూబులోంచి ప్యాచీ కోసేటప్పుడు మూలలు గుండ్రంగా కోసేవాడు. మూల ఉంటే అక్కడినుంచే లేస్తుంది.

అసలు పని ఆ తర్వాతే ఉంది. సొల్యూషన్ పూశాక ఆగాలి. వేలి వెనకభాగంతో తాకితే తడి అంటకూడదు, జిగట మాత్రం తెలియాలి. షాపులో పని నేర్చుకునే పిల్లలకు ఆ రెండు నిమిషాలు ఆగడమే చాతకాదు. తడి మీదే అంటించేస్తారు. లోపల చిక్కుకున్న సొల్యూషన్ మండుటెండకు వేడెక్కి ఆవిరై, ప్యాచీని పొక్కులా లేపుతుంది. సాయంత్రానికి అద్దెకు తీసుకున్నవాడు సైకిలు నడిపించుకుంటూ వస్తాడు.

పందెం చక్రానికి ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ట్రాక్ మీద వాడే టైరులో ట్యూబు విడిగా ఉండదు. పల్చటి గుడ్డ గొట్టంలో ట్యూబు పెట్టి, కింద పొడవునా కుట్టేసి, కుట్టు మీద పట్టీ అంటిస్తారు. రిమ్ముకు అంచులు ఉండవు. టైరును నిలబెట్టేది జిగురొక్కటే. అందుకే కొత్త టైరును ముందు జిగురు లేకుండా రిమ్ముకు ఎక్కించి, గాలి కొట్టి ఒక రోజు సాగనిస్తారు. తర్వాత విప్పి, రిమ్ముకు ఒక పల్చటి పూత, టైరు పట్టీకి ఒక పూత వేసి రాత్రంతా ఆరబెడతారు. మళ్ళీ రెండో పూత. చివరి పూత రిమ్ముకు వేసి, అది జిగటగా ఉండగానే వాల్వు దగ్గర మొదలుపెట్టి రెండు చేతులతో కిందికి లాగుతూ సమానంగా ఎక్కిస్తారు. ఆఖరి జానెడు దగ్గరే కష్టం. బొటనవేళ్ళతో ఎత్తి దాటించేటప్పుడు పట్టీ రిమ్మును రాసుకుని జిగురంతా ఊడ్చేస్తుంది. వాల్వుకు సరిగ్గా ఎదురుగా ఉన్న ఆ చోటే పట్టు తక్కువ. మలుపులో ఏటవాలు మీద చక్రానికి పక్కనుంచి తోపు వచ్చినప్పుడు టైరు అక్కడే రిమ్ము వదిలి దొర్లుతుంది.

టేలర్ రోజుల్లో రిమ్ములు చెక్కతో చేసినవి. మేపుల్, హికరీ లాంటి గట్టి చెక్కను ఆవిరి పట్టి వంచేవారు. ట్రాక్ టైర్లను లక్కతో అంటించేవారు. లక్క ఆరితే రాయిలా బిగుసుకుంటుంది, కాని అదురుకు పగుళ్ళిస్తుంది. పంక్చరైతే టైరును మొత్తం ఊడదీసి, పట్టీ లేపి, కుట్టు విప్పి, ప్యాచీ వేసి మళ్ళీ సూదీ దారంతో కుట్టుకోవాలి. ఒక్క పంక్చరుకు పూట గడిచేది. అలాంటి టైర్ల కింద, అతను పందెంలోకి దిగకుండా ఉండడానికని, ట్రాక్ మీద మేకులు చల్లినవాళ్ళున్నారు.

*

తొక్కడం ఆపినా చక్రం దానంతట అది తిరిగేలా చేసేది ఫ్రీవీలు. మా ఊళ్ళో సైకిలు ఫ్రీవీలుకు రెండు జబ్బులు వచ్చేవి. గ్రీజు ఎండి దుమ్ముతో గట్టిపడితే, లోపలి చిన్న నాలుకలు పైకి లేవక ఒత్తిపట్టుకుపోతాయి. అప్పుడు ఎంత తొక్కినా పెడల్ ఊరికే తిరుగుతుంది, సైకిలు కదలదు. దానికి కిరసనాయిలు పోసి, తిప్పి తిప్పి కడిగితే చాలు. రెండోది ప్రమాదం. లోపల స్ప్రింగు విరిగో, బాల్సు పగిలో, ఆ ముక్క ఇరుక్కుంటే ఫ్రీవీలు బిగుసుకుపోతుంది. ఇక చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. వంతెన దిగుతూ కాళ్ళు ఆపబోయిన వాణ్ణి పెడల్ కింది నుంచి ఎగరేసి అవతల పడేసేది.

ట్రాక్ సైకిలు పుట్టుకతోనే అలాంటిది. ఫ్రీవీలు ఉండదు, బ్రేకు ఉండదు. వెనక హబ్బుకు పళ్ళచక్రం మామూలు మరతో బిగుస్తుంది. దాని మీద ఒక సన్నటి రింగు రివర్సు మరతో బిగుస్తుంది. ఆ రింగు లేకపోతే, వేగం తగ్గించడానికి కాళ్ళతో వెనక్కి నొక్కిన మొదటిసారే పళ్ళచక్రం విప్పుకుని వచ్చేస్తుంది. రివర్సు మర అంటే అర్థంకాని వాళ్ళు ఇంట్లో సైకిలుకు ఎడమ పెడల్ విప్పి చూడాలి. అదీ అంతే. షాపులో చేరిన ప్రతి పిల్లాడూ మొదటివారం ఎడమ పెడల్‌ను తప్పువైపు బలంగా తిప్పి మర పాడుచేసేవాడు.

చైను బిగువు కూడా చూసుకోవాలి. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే పెడల్ ఒకచోట పట్టేసినట్టు తిరుగుతుంది, బేరింగులు అరిగిపోతాయి. వదులైతే చైను జారుతుంది. మామూలు సైకిలుకు చైను జారితే చెయ్యి నల్లబడుతుంది, అంతే. ఫ్రీవీలు లేని సైకిలుకు జారిన చైను పళ్ళకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటే వెనక చక్రం నడుస్తూనే కట్టుబడిపోతుంది. మనిషి ఎక్కడ పడతాడో చెప్పలేం.

గేరు లెక్క ఇప్పటికీ పాత పద్ధతిలోనే చెబుతారు. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి, చక్రం అడ్డుకొలత అంగుళాలతో గుణించడం. మన నల్ల సైకిలుకు ముందు 44, వెనక 18 పళ్ళు, చక్రం 28 అంగుళాలు అనుకుంటే 68 వస్తుంది. పెడల్ ఒక్కసారి తిరిగితే సుమారు ఐదున్నర మీటర్లు. 1890ల ట్రాక్ సైకిలు చైను పళ్ళకు మధ్య ఒక అంగుళం ఎడం ఉండేది. ముందు 26, వెనక 8 పళ్ళు వేస్తే 91. ఒక్క తిప్పుకు 7 మీటర్ల పైనే. కదలడం కష్టం, కదిలాక ఆపడం ఇంకా కష్టం. ఆపాలంటే పైకొచ్చే పెడల్‌ను కాలితో కొంచెం కొంచెంగా అదిమిపట్టాలి. లేదా ఏటవాలు పైకి ఎక్కితే వేగం దానంతట అదే చచ్చిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నలుగురు మనుషులు కలిసి ఒకణ్ణి చుట్టుముట్టినప్పుడు, బ్రేకు లేని సైకిలు మీద ఉన్నవాడి పరిస్థితి ఏమిటో తెలియడానికి.

*

అసలు పేరు మార్షల్ వాల్టర్ టేలర్. తండ్రి ఒక సంపన్న తెల్లవాళ్ళ ఇంట్లో గుర్రపుబండి నడిపేవాడు. ఆ ఇంటి పిల్లాడికి తోడుగా ఈ పిల్లాడూ అక్కడే పెరిగాడు. సైకిలు వాళ్ళిచ్చిందే. వాళ్ళు చికాగో వెళ్ళిపోయాక ఇతను ఇంటికి తిరిగొచ్చి, సైకిలు మీద విద్యలు నేర్చుకున్నాడు. అది చూసి హే అండ్ విలిట్స్ అనే సైకిలు షాపువాళ్ళు పనిలోకి తీసుకున్నారు. షాపు ఊడవడం, సామాను దుమ్ము దులపడం, పూట పూటకూ షాపు ముందు విద్యలు చూపించి జనాన్ని పోగెయ్యడం. అందుకు సైనికుల దుస్తులు తొడిగించారు. ఇత్తడి బొత్తాల కోటు చూసి జనం మేజర్ అన్నారు. ఆ పేరే మిగిలిపోయింది.

మొదటి పందెం కూడా షాపు యజమాని సరదాకు పెట్టిందే. 10 మైళ్ళ పందెంలో పెద్దవాళ్ళ వరసలో ఈ చిన్నవాణ్ణి నిలబెట్టాడు, కాసేపు తొక్కి ఆగిపోతాడనుకుని. పిల్లాడు ఆగలేదు. గెలిచాడు.

తర్వాత అతన్ని చేరదీసినవాడు లూయీ మంగర్, బర్డీ అనేవారు. తనూ పందెగాడే, తర్వాత సైకిళ్ళ తయారీలోకి దిగాడు. నల్లపిల్లాణ్ణి వెనకేసుకొస్తున్నాడని చుట్టూ ఉన్నవాళ్ళు గొణిగినా వదల్లేదు. 1894లో అమెరికా సైకిలు సవారీల సంఘం తెల్లవాళ్ళకు తప్ప సభ్యత్వం లేదని తీర్మానం చేసింది. ఇండియానాపొలిస్ ట్రాక్ మీద టేలర్ 1896లో పెద్దవాళ్ళ రికార్డును దాటేశాడు. అది లెక్కలోకి రాలేదు సరికదా, ఆ ట్రాక్ మీద మళ్ళీ అడుగుపెట్టనివ్వలేదు. అప్పటికే మంగర్ తన ఫ్యాక్టరీని మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు మార్చి అతన్నీ తీసుకెళ్ళాడు. టేలర్ ఆ ఊరిని సొంత ఊరే చేసుకున్నాడు.

వూస్టర్‌లో జార్జ్ స్ట్రీట్ అని ఒక ఎత్తు ఉంది. దాదాపు 150 మీటర్లు, 18 శాతం ఏటవాలు. అంటే వంద అడుగులు ముందుకు వెళితే పద్దెనిమిది అడుగులు పైకి ఎక్కినట్టు. తిరుమల ఘాట్ రోడ్డు కూడా సైకిలువాడి మీద ఇంత కోపంగా ఉండదు. టేలర్ దాని మీదే సాధన చేసేవాడు. ఇప్పటికీ అక్కడ ఏటా అతని పేరు చెప్పుకుని జనం సైకిళ్ళతో ఎక్కుతారు.

*

సంక్రాంతి వెళ్ళాక మా ఊళ్ళోకి ఒక సైకిలు మనిషి వచ్చేవాడు. బడి ముందు ఖాళీ స్థలంలో నాలుగు గుంజలు పాతి, తాడు కట్టి, మధ్యలో మైకు గొట్టం. వారం రోజులు నేల మీద కాలు మోపకుండా తొక్కుతానని చాటింపు. సైకిలు మీదే పళ్ళు తోముకునేవాడు, సైకిలు మీదే స్నానం, అన్నం. నడుస్తున్న సైకిలు మీంచి వంగి నేలమీది రూపాయి నోటును తీసేవాడు. చొక్కాకు పిన్నుతో గుచ్చిన నోట్లు, సాయంత్రం పాటలు, పెట్రోమాక్స్ లైటు బుస్సుమనే చప్పుడు. సీటుకు పాత దుప్పటి ముక్క చుట్టేవాడు, ఒరిపిడి తగ్గడానికి. మూడోరోజుకు పాదాలు వాచిపోయేవి. ఐదోరోజు తెల్లవారుజామున చూడాలి. జనం ఉండరు, మైకు ఉండదు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం అందులో ఉండడు. సైకిలు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మర్నాడు అతనే చెప్పేవాడు, రాత్రి గుంజల దగ్గర ఎవరో నిలబడి పిలుస్తున్నట్టు కనిపించిందని.

టేలర్ జీవితంలో ఇది నిజంగా జరిగింది. 1896 డిసెంబరు, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పది చుట్లకు ఒక మైలు వచ్చే చిన్న చెక్క ట్రాక్. ముందు అర మైలు పందెం పెట్టారు. అదే అతనికి వృత్తి పందేల్లో మొదటి రోజు. అప్పటి పెద్ద పేరు ఎడ్డీ బాల్డ్‌ను ఓడించి 200 డాలర్లు గెలుచుకున్నాడు. తర్వాత ఆరు రోజుల పందెంలోకి దిగాడు. మొత్తం 142 గంటలు. ఎవరు ఎప్పుడు పడుకున్నా, ఎంతసేపు దిగినా వాళ్ళ ఇష్టం. కాని దిగిన నిమిషం నుంచి అవతలివాళ్ళ చుట్లు పెరుగుతూనే ఉంటాయి.

18 ఏళ్ళ కుర్రాడు, తక్కువ దూరాలకు అలవాటైన కాళ్ళు. అంత చిన్న ట్రాక్ మీద మలుపులు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఎప్పుడూ ఎడమకే. మెడ ఒకవైపు పట్టేస్తుంది, ఎడమచేతి బొటనవేలి మొదలు బొబ్బలెక్కుతుంది, ఫ్రీవీలు లేదు కనక ఒక్క క్షణం కాళ్ళు వేలాడేసి నడుం చాపుకునే వీలు లేదు. ఆఖరి రోజుల్లో, కత్తి పట్టుకుని ఎవరో తనను చుట్టూ తరుముతున్నారని, ఇక తొక్కలేనని తన మనుషులకు చెప్పాడు. అయినా 1,732 మైళ్ళు, అంటే 2,787 కిలోమీటర్లు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. గెలిచిన టెడ్డీ హేల్ తొక్కింది 1,910 మైళ్ళు. టేలర్ మళ్ళీ ఎప్పుడూ ఆరు రోజుల పందెం జోలికి పోలేదు.

ఆ మనుషుల స్థితి చూసి, కొన్నేళ్ళలోనే న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెచ్చింది. ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదు. నిర్వాహకులు ఇద్దరిద్దరిని జట్టు చేసి పందెం ఆగకుండా చూసుకున్నారు. ఒకడు తొక్కుతుంటే ఒకడు విశ్రాంతి. ఇప్పుడు ఒలింపిక్స్‌లో జోడీలు చెయ్యి పట్టి ఒకరినొకరు ముందుకు విసురుకునే పందేన్ని మాడిసన్ అనేది అందుకే. మా ఊరి సైకిలు మనిషికి ఏ చట్టమూ అడ్డురాలేదు. టీవీ వచ్చింది, ఆయన రావడం మానేశాడు.

*

టేలర్ బలం స్ప్రింటులో ఉంది. చూడ్డానికి రెండు మూడు చుట్లు, నిజానికి ఆఖరి 200 మీటర్లు. ముందు ఉన్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడు ఆ నీడలో తక్కువ శక్తితో వస్తాడు. కాబట్టి ముందు ఉండాలని ఎవరికీ ఉండదు. వెనక నుంచి ఒక్కసారిగా దూకడమే విద్య. ఆ దూకుడు టేలర్‌ది. రెండు మూడు తిప్పుల్లో పూర్తి వేగం అందుకునేవాడు. అందుకు అతనే ఒక వసతి చేసుకున్నాడు. హ్యాండిల్ పట్టుకునే చోటును సీటు నుంచి ముందుకు జరిపి, కావలసిన పొడవుకు బిగించుకునే కడ్డీ. నడుం సాగుతుంది, ఛాతీ దిగుతుంది, గాలికి ఎదురయ్యే ఒళ్ళు తగ్గుతుంది. ఇవాళ్టి ట్రాక్ సైకిళ్ళ మీద హ్యాండిల్‌ను పట్టి ఉంచే పొడవాటి కడ్డీ, స్టెమ్, చూసినవాళ్ళకు అది మామూలుగానే కనిపిస్తుంది. ఆ రోజుల్లో జనం నిటారుగా కూర్చునేవారు.

ఇప్పుడు ఆ నలుగురి సంగతి. ట్రాక్ లోపలి అంచు వెంట ఒకణ్ణి వెళ్ళనిచ్చి, ముందు ఒకడు వేగం తగ్గిస్తాడు. కుడిపక్కన ఒకడు భుజానికి భుజం ఆనించి నడుస్తాడు. వెనక ఒకడు చక్రానికి చక్రం తగిలేంత దగ్గరగా వస్తాడు. నాలుగోవాడు హాయిగా పైనుంచి వెళ్ళి గెలుస్తాడు. బహుమతి డబ్బు తర్వాత పంచుకుంటారు. దీన్ని జేబు అనేవారు. జేబులో పడినవాడికి బ్రేకు లేదు. కాళ్ళతో అదిమి వెనక్కి తగ్గబోతే వెనకవాడి చక్రం తగిలి ఇద్దరూ పడతారు. ముందుకు పోతే ముందువాడి చక్రం. ఎడమన గడ్డి, కుడిన మోచెయ్యి. టేలర్‌కు ఇది ఎప్పుడో ఒకసారి కాదు, దాదాపు ప్రతి పెద్ద పందెంలోనూ ఎదురైంది. మిగతా పందెగాళ్ళకు తమలో తమకు ఎన్ని పగలున్నా, ఇతని మీద మాత్రం కలిసిపోయేవారు.

రెండే దారులు నేర్చుకున్నాడు. మొదటిది, జేబు కుట్టకముందే ముందుకు పోయి, చివరిదాకా ముందే ఉండడం. దానికి గాలి మొత్తం తనే మోయాలి. రెండోది, సందు కోసం కాచుకోవడం. మలుపు నుంచి తిన్నటి దారిలోకి దిగేటప్పుడు పక్కవాడు ఒక్క క్షణం పైకి జరుగుతాడు. హ్యాండిల్ వెడల్పుకు బెత్తెడు ఎక్కువ సందు. సగం తిప్పు ఆలస్యమైతే మూసుకుపోతుంది. అతను దూరేవాడు. ఇరుకుసందులోంచి మనిషి రావడం అప్పటి జనానికి గారడీలా అనిపించేది. నాకు మాత్రం అందులో మేస్త్రీ కనిపిస్తాడు. సొల్యూషన్ మీద వేలు పెట్టి, తడి ఎప్పుడు పోతుందా అని ఆగే ఆ రెండు నిమిషాలు.

గెలిస్తే అక్కడితో ఐపోయేది కాదు. 1897లో మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో పందెం ముగిశాక బెకర్ అనే తెల్ల పందెగాడు టేలర్‌ను సైకిలు మీంచి లాగి గొంతు నులిమాడు. స్పృహ తప్పేదాకా. పోలీసులు విడిపించాల్సి వచ్చింది. శిక్ష 50 డాలర్ల జరిమానా. మొహం మీద ఐసునీళ్ళు కొట్టినవాళ్ళున్నారు, హోటల్లో గది ఇవ్వనివాళ్ళున్నారు. ఊరూరా పందేలు ఆడుతూ బతికే మనిషికి రాత్రి నిద్రా వేళకు తిండీ కూడా ఎదుటివాడి దయ మీదే ఉండేవి. తెల్లవారితే అవే కాళ్ళతో ట్రాక్ ఎక్కాలి.

1899 ఆగస్టు 10న మాంట్రియల్‌లో ఒక మైలు పందెం గెలిచి ప్రపంచ విజేత అయ్యాడు. ఏ ఆటలోనైనా ప్రపంచ విజేతైన నల్లజాతి మనుషుల్లో అతను రెండోవాడు. అతనికి ముందు బాక్సింగులో జార్జ్ డిక్సన్ ఒక్కడే. అదే ఏడాది నవంబరులో చికాగోలో, ఆవిరి యంత్రంతో నడిచే జోడు సైకిలు వెనక తొక్కి ఒక మైలును 1 నిమిషం 19 సెకన్లలో దాటాడు. గంటకు 73 కిలోమీటర్లు. ముందు వెళ్ళే యంత్రం గాలిని పక్కకు తోస్తుంది కాబట్టే అది సాధ్యం. కాని దాని వెనక చక్రానికి జానెడు దూరంలో, బ్రేకు లేకుండా, చెక్క రిమ్ముల మీద ఉండాలి. యంత్రం ఒక్కసారి తడబడితే తప్పుకునే చోటు లేదు.

*

ఆదివారం పందెం ఆడనని టేలర్ తల్లికి మాటిచ్చాడు. పందేల్లో ఎక్కువ డబ్బు ఆదివారాల్లోనే ఉండేది, యూరప్‌లో అయితే మరీ. ఎంత ఆశపెట్టినా ఒప్పుకోలేదు. చివరికి 1901లో ఆదివారం లేకుండానే యూరప్‌కు ఒప్పందం కుదిరింది.

పారిస్‌లో ఎడ్మండ్ జాక్లాన్‌తో పోటీ మే 16న, గురువారం. మూడింటిలో రెండు గెలిచినవాడిది పైచెయ్యి. ఆ రోజు చలి. టేలర్ ఒంటికి వేడి అంటేనే ఇష్టం. చలికి బిగిసిన కండ ఒక్కసారిగా దూకలేదు. జాక్లాన్ రెండూ వరసగా గెలిచి, ముక్కు మీద బొటనవేలు పెట్టి వెక్కిరించాడు. మళ్ళీ పోటీ మే 27న. ఆదివారం దాటించి సోమవారం పెట్టుకున్నారు. ఎండ కాసింది. మొదటిది టేలర్ గెలిచాడు. రెండోదానికి గీత దగ్గర నిలబడినప్పుడు జాక్లాన్ వైపు చెయ్యి చాపి కరచాలనం చేశాడు. అదీ గెలిచాడు. వెక్కిరించలేదు.

తర్వాత ఆస్ట్రేలియా. డెయిజీ మోరిస్‌ను 1902లో పెళ్ళి చేసుకుని ఆమెతో కలిసి వెళ్ళాడు. 1904లో అక్కడే పుట్టిన కూతురికి సిడ్నీ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ మొదట్లో దొరికిన మర్యాద, అమెరికా పందెగాళ్ళు కూడా వచ్చి చేరాక చెడింది. మళ్ళీ మోచేతులు, మళ్ళీ పడిపోవడాలు. ఇంటికొచ్చి రెండేళ్ళకు పైగా సైకిలు ముట్టుకోలేదు. 1907లో మళ్ళీ మొదలుపెట్టాడు గాని ఒళ్ళు బరువెక్కింది. అన్నేళ్ళు కాపాడుకున్న ఆదివారం నియమం కూడా ఆఖర్లో వదులుకోవాల్సి వచ్చింది. నాకు టేలర్ జీవితంలో అన్నిటికన్నా బాధ కలిగించేది గొంతు నులమడం కాదు, ఇదే. 1910లో పూర్తిగా మానేశాడు.

సంపాదించిందంతా వ్యాపారాల్లో పోయింది. తన కథ తనే రాసి, తనే అచ్చువేయించి, ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1932 జూన్ 21న చికాగోలో ధర్మాసుపత్రి వార్డులో చనిపోయాడు. వయసు 53. మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో రాయి కూడా లేని సమాధి. 1948లో పాత పందెగాళ్ళు కొందరు, సైకిళ్ళ తయారీదారు ఫ్రాంక్ ష్విన్ ఇచ్చిన డబ్బుతో, ఆయన్ని తవ్వి తీసి మంచి చోట పూడ్చి ఫలకం పెట్టించారు. ఒకప్పుడు ట్రాక్ మీద అడుగుపెట్టనివ్వని ఇండియానాపొలిస్‌లో 1982లో ఆయన పేరు మీద వెలోడ్రోమ్ కట్టారు. తెల్లవాళ్ళకు తప్ప సభ్యత్వం లేదన్న ఆ సైకిలు సంఘం తన పాత తీర్మానాన్ని 1999లో రద్దు చేసింది.

*

మా ఊరి షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అద్దె సైకిళ్ళు లేవు. గంటకింత అని రాసి, ఆలస్యమైతే పక్కన నిలువు గీత పెట్టే ఆ పుస్తకమూ లేదు. బెండు తీసేటప్పుడు చక్రాన్ని ఫోర్కుకు తగిలించి, వేలిగోరు రిమ్ముకు ఆనించి తిప్పే చప్పుడు వినాలంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. గోరుకు రాసుకున్న చోట టిక్కు, టిక్కు. ఆ వైపు పుల్ల పావు తిప్పు వదులు, ఎదుటి పుల్ల పావు తిప్పు బిగువు. టిక్కు పోయేదాకా.

వెలోడ్రోమ్ దగ్గర కుర్రాడు టైరు ఎక్కించడం పూర్తి చేశాడు. ఆఖరి జానెడు దగ్గర పట్టీ రాసుకుపోయినట్టుంది, మళ్ళీ లేపి అక్కడ ఇంకొంచెం జిగురు పూసి కూర్చోబెట్టాడు. తర్వాత ఇరుసు రెండు చివర్లా పట్టుకుని చక్రం తిప్పాడు. టైరు నడిమి గీత ఒకచోట పక్కకు ఊగింది. ఆపి, రెండు బొటనవేళ్ళతో తోసి సర్దాడు. మళ్ళీ తిప్పాడు. గీత తిన్నగా వచ్చింది. గాలి కొట్టి, ఎండ పడని గోడకు ఆనించాడు.

"రేపు ఎక్కుతావా బాబూ?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"రేపు సాయంత్రందాకా ముట్టుకోకూడదండీ. ఎల్లుండే."